ముట్టుకోని తీగ

జాతెత్స్ ఊరి హాప్స్ తోటల్లో లిబుషె చేతులకు పెద్ద పేరు. బీరుకు చేదునిచ్చే ఆ తీగల్ని, మొదలుకు మూడు చిగుళ్లే ఉంచి మిగతావి కోసేసి, నలభై ఏళ్లు తాళ్లకెక్కించిన చేతులవి. కొత్త మొక్కలు నాటే పని మాత్రం ఎప్పుడూ వేరేవాళ్లదే.

పని మానేశాక ఆమె పెరట్లో ఒక పిలక నాటుకుంది. ఇంకొకటి పక్కింటి దర్జీ ఒతకర్‌కిచ్చింది.

"నీకెలాగూ చేతకాదు. నీళ్లు పోస్తే చాలు. ముట్టుకున్నావో, చంపేస్తావ్ దాన్ని!"

ఒతకర్ బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మే నెలలో చిగుళ్లు పైకి రాగానే లిబుషె చేతులు ఊరుకోలేదు. అలవాటుగా మూడు ఉంచి, మిగతావన్నీ కచకచా కోసి పారేశాయి. తొలి ఏడాది పసిమొక్కకు ప్రతి ఆకూ వేరుకు తిండి పెట్టేదేనన్న సంగతి ఆమెకు తట్టనేలేదు.

ఆగస్టుకల్లా ఆమె తీగ కిటికీ ఎత్తు దగ్గరే చతికిలబడింది. పూసినవి లెక్కపెడితే ఏడు పూలు. ఒతకర్ తీగేమో గుబురుగా అల్లుకుని చూరెక్కి కూర్చుంది.

బీరుకొట్లో అందరూ ఒతకర్‌ను మెచ్చుకుంటుంటే లిబుషెకు ఒళ్లు మండింది. గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టింది.

"మొక్కిచ్చిందెవరయ్యా? ముట్టుకోవద్దని చెప్పిందెవరు? అంతా నా చలవే!"

ఒతకర్ మీసాలకంటిన నురగ తీరిగ్గా తుడుచుకున్నాడు.

"కాదన్నానా వదినా? చెప్పింది నువ్వే. ఆ ముక్క నీ చేతులక్కూడా ఓసారి చెప్పుకోవాల్సింది."