లోపల తడవని పొట్టు

అచ్చయమ్మ ఎవరినీ ఓ పట్టాన నమ్మదు. కొబ్బరికాయల దింపు తీసే మొగుడు చెట్టు మీంచి పడి చనిపోయాక, మిల్లులవాళ్ళు కాలవగట్టున పారబోసే కొబ్బరి పొట్టును బుట్టలతో మోసి, ఎండబెట్టి, ఇటుకలుగా అచ్చొత్తించి నర్సరీలకు పంపే దాకా వచ్చిన మనిషి. ఆ దారిలో మోసపోని రోజు తక్కువ.

ఈ వేసవిలో ఒక నర్సరీవాళ్ళు లోడు తిప్పి పంపారు. పొట్టు నీళ్ళు పీల్చడం లేదట. వంక పెడుతున్నారనుకుంది.

ఆ మాట విని, అమలాపురం కాలేజీలో పాఠాలు చెప్పే శ్రీకళ ఐనవిల్లి దగ్గరున్న షెడ్డుకు వచ్చింది. చిటికెడు పొట్టుకు స్కానింగ్ తీయించి, లోపలి గుల్లలను కంప్యూటర్లో అచ్చంగా అలాగే బొమ్మ కట్టి, ఏ గోడ నీటిని పట్టుకుంటుందో, ఏది నెట్టేస్తుందో చూస్తానంది.

'దీన్ని ఆ నర్సరీవాళ్ళే పంపుంటారు,' అనుకుంది అచ్చయమ్మ. మూడు పొట్లాలు కట్టిచ్చింది. మొదటి రెండూ ఒకే కుప్పవి, మూడోది తిరిగొచ్చిన లోడు తాలూకు కుప్పది. ఆ సంగతి చెప్పలేదు.

రెండు వారాలకు శ్రీకళ లాప్‌టాప్‌తో వచ్చింది.

"ఈ రెండూ ఒకటేనండి. మూడోదే తేడా. ఈ బొమ్మలో ఎర్రగా ఉన్న గోడలన్నీ నీళ్ళని రానివ్వవండి."

అచ్చయమ్మ పనివాడు దుర్గారావు వైపు తిరిగింది. "రెండూ ఒకే కుప్పవని నువ్వే చెప్పేవు కదరా?"

"నేనెందుకు చెప్తానండీ! మా పిల్లల మీద ఒట్టు."

నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. అయిదో రోజు మూడో పొట్లం తీసిన కుప్పలోని ఇటుకను తనే బకెట్లో నానేసి, గంటాగి విరిచింది. పైన బురద. నడుమ పొడి పొట్టు చేతిలోంచి జారిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. చెమ్మ ఉందంటారేమోనన్న భయంతో ఆ కుప్పను మండుటెండలో ఇంకో వారం సిమెంటు కళ్ళంలో ఉంచమన్నది తనే. మరీ ఎండిన పొట్టు నీటికి ముఖం తిప్పేసుకుంది.

శ్రీకళకు ఫోన్ చేసింది. "ఎంత చెమ్మ ఉంచాలమ్మా?"

చెప్పినంత ఉంచింది. అయినా ప్రతి కుప్పలోంచీ ఒక ఇటుక నానేసి చూశాకే లోడెత్తించింది. ఈసారి తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం దుర్గారావు చేతిలో షెడ్డు తాళాలు పెట్టింది.

"కళ్ళంలోంచి పొట్టు ఎప్పుడెత్తాలో ఇకమీదట నువ్వే చూసుకో."

"ఆయ్," అన్నాడతను.