పూతల కింద జపాను సైకిలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నేను విజయనగరం జిల్లాలో ఒక ప్రభుత్వ ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడ్‌కి అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. హోదా పేరు పొడుగే గాని అందరూ పిలిచేది మాస్టారనే. రిటైర్మెంటుకి ఇంకా పధ్నాలుగు నెలలుంది. ఆ ఫిబ్రవరిలో పోలీసు స్టేషను నుంచి ఒక కాగితం, దాని వెనకాలే ఆటోలో ఒక సైకిలు వచ్చాయి.

కాగితం నేరుగా మా దగ్గరికి రాలేదు. ముందు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుకి వెళ్లింది. మోటారు లేని బండితో తనకేం పనని ఆయన తిప్పి పంపాడు. లోహం పని తెలిసినవాళ్లు ఐ.టి.ఐ.లో ఉంటారని ఎవరికి తోచిందో మరి, మా ప్రిన్సిపాలుకి రాశారు. ఆయన సంతకం పెట్టి నా బల్ల మీదికి తోశారు. ప్రశ్నలు రెండే. ఈ సైకిలు ఏ దేశానిది, ఏ కాలానిది? దీని విలువ ఎంత?

సంగతి ఇది. విజయనగరంలో ఒక హోటలు యజమానికి పాత సైకిళ్లు గోడకి తగిలించే సరదా. ఆయన దగ్గరి జపాను రేసు సైకిలు ఒకటి వానాకాలంలో పోయింది. జనవరిలో గరివిడి వెళితే, అచ్చం అలాంటిదే ఒక ముసలాయన తొక్కుతూ కనిపించింది. రంగు మాత్రం మెరిసిపోయే కొత్త నీలం. దొంగిలించి రంగు మార్చేశారని ఆయన అనుమానం.

ముసలాయన పేరు పేతురు. అక్కడి ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారంలో ఫర్నేసు దగ్గర హెల్పరుగా చేసి రిటైరయ్యాడు. ఫర్నేసు బిగించడానికి వచ్చిన జపాను ఇంజనీరొకాయన తిరిగి వెళ్లేటప్పుడు ఇచ్చేశాడని చెప్పాడు. కాగితం ముక్క లేదు. కేసులో ఆయన పేరు ఇంకా చేర్చలేదు గాని, వారానికి రెండుసార్లు స్టేషనుకి రమ్మనేవారు. బాప్టిస్టు చర్చిలో ఆదివారం కానుకల సంచి పట్టేది ఆయనే. ఈ గొడవ మొదలయ్యాక ఆ సంచి వేరొకరి చేతికి ఇచ్చారట.

నేను సైకిలుని బెంచి వైసుకి ఆనించి పని మొదలుపెట్టాను. పైకి చూస్తే అది జపానుదే అనిపించదు. వెనక క్యారియరు, స్టాండు, మడ్‌గార్డులు, గంట. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉండవలసిన హ్యాండిలుని పైకి తిప్పి బిగించారు. అసలు చక్రాల సైజు టైర్లు మన ఊళ్లలో దొరకవు కాబట్టి చిన్న చక్రాలు వేశారు. బ్రేకులు అందడం లేదని ఇనుప పట్టీలు కోసి కిందికి పొడిగించారు. ఆ పట్టీలకి ఆకురాయి పట్టిన చెయ్యి ఎవరిదో గాని, నా ట్రైనీల్లో నూటికి తొంభై మంది అంత నేర్పుగా పట్టలేరు. ఒంటి చేత్తో ఎత్తితే సైకిలు తేలిగ్గా లేచింది. ట్రైనింగు రోజుల్లో చీపురుపల్లి నుంచి బరువైన సైకిలు తొక్కుకుంటూ వచ్చినవాణ్ణి, ఆ తేలిక చూస్తే కొంచెం అసూయ కలిగింది.

గుర్తుపట్టడం పెద్ద కష్టం కాలేదు. పెడలు బిగించే కడ్డీని క్రాంకు అంటారు. దాని లోపలి వైపు రెండు చిన్న అక్షరాలుంటాయి. ఒకటి సంవత్సరానికి, రెండోది నెలకి గుర్తు. జపాను తయారీ, ఎనభైల నాటిది అని తేలింది. ఫ్రేము నంబరు పెడళ్ల ఇరుసు కింద ఉంది గాని, హోటలాయన దగ్గర తన సైకిలు నంబరు లేదు. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది.

ఇక వెర్నియరు స్కేలుతో గొట్టాల మందం కొలిచాను. సీటు గొట్టం మన సైకిలుదైనా జపానుదైనా 28.6 మిల్లీమీటర్లు ఉంటుంది. నాకు ముప్పయ్యొకటి వచ్చింది. మూడుసార్లు కొలిచినా అంతే. నివేదికలో “గొట్టం ప్రామాణికం కాదు” అని రాశాను. లోపాల గడిలో “ఇటీవల రంగు వేయబడినది, మూల రంగు కానరాదు” అని చేర్చి, విలువ సగానికి సగం తగ్గించాను. నా అక్షరాలు చూసుకుని నేనే ముచ్చటపడ్డాను.

మర్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. హోటలాయననీ పేతురునీ వెంటబెట్టుకొచ్చాడు. పేతురు భార్య మరియమ్మ కూడా వచ్చింది. నివేదిక చదివి వినిపిస్తుంటే రంగు మాట దగ్గర ఎస్సై ఆపి, ఈ ఒక్క వాక్యం చాలు మాస్టారూ అన్నాడు. పేతురు తల దించుకున్నాడు. మరియమ్మ దించుకోలేదు.

“కొత్త రంగేటి బాబూ? ఏటేటా ఏస్తాడు. కిస్మస్‌కి మా గోడలకి సున్నం, ఆ సైకిలుకి రంగు ఒక్క రోజే పడతాది. నానే డబ్బా పట్టుకుంటాను.”

నాకు వెంటనే ముప్పయ్యొకటి గుర్తొచ్చింది. చుట్టూ మిల్లీమీటరు పైచిలుకు మందాన ఉన్నది ఇనుము కాదు, రంగు. ముప్పై ఏళ్లు పిల్లలకి కొలతలు నేర్పినవాణ్ణి, కొలిచిందేమిటో చూసుకోలేదు. సిగ్గేసింది.

అప్పుడొక పని చేశాను. మరియమ్మని పైనుంచి కిందికి రంగుల వరస చెప్పమన్నాను. ఆమె చెప్తుంటే కాగితం మీద రాసి, దాని మీద ఎస్సై సంతకం తీసుకున్నాను. తర్వాత నీళ్ల ఎమిరీ కాగితంతో సీటు గొట్టం మీద అరచేతి వెడల్పున ఏటవాలుగా రుద్దడం మొదలుపెట్టాను. అలా రుద్దితే పూతలు ఉల్లిపాయ కోసినట్టు ఒకదాని పక్కన ఒకటి బయటపడతాయి. నీలం, ఆకుపచ్చ, మళ్లీ నీలం, పసుపు, ఎరుపు. అయిదూ ఆమె చెప్పినట్టే వచ్చాయి. ఆరోది తెలుపు అంది. బయటపడింది వెండి రంగు.

హోటలాయన గొంతు సవరించుకున్నాడు. మరియమ్మ ముఖం పాలిపోయింది. అప్పుడు పేతురు అందుకున్నాడు.

“ఆ ఏడు నాను జొరంతో మంచాన పడున్నాను కదే. మీ తమ్ముడు ఏసినాడు. చర్చి గేటుకి తెచ్చిన రంగు మిగిలిపోనాది.”

“అవునయ్యా! ఆడే ఏసినాడు. నా మతి మండిపోను,” అని ఆమె నెత్తి మీద మొట్టుకుంది.

నేను రుద్దుతూనే ఉన్నాను. ముప్పై దాటాక లెక్క తప్పింది. చివరికి నేరేడు పండు రంగు, దాని మీద సన్నని బంగారు గీత కనిపించాయి. జపానులో వేసిన రంగు అది. పేతురు దగ్గరికొచ్చి వేలితో ఆ గీతని తడిమాడు. ఆ ఇంజనీరు ఆదివారాలు దీని మీదే రామతీర్థం దాకా ఎల్లొచ్చీవోడు, సెయిను తుడిసింది నానే, అన్నాడు. అతని కళ్లు నిండాయి, నా కళ్లూ నిండాయి. ఎస్సై కిటికీ వైపు తిరిగి ఫోను చూసుకున్నాడు.

హోటలాయన మంచివాడే. ఆ పూతల దగ్గరికి వంగి చాలాసేపు చూసి, ఇది నాది కాదండీ అని తానే రాసిచ్చాడు. పోయిన ఆయన సైకిలు సంగతి ఏమైందో నాకు తెలియదు. నేను మొదటి నివేదిక చింపేసి రెండోది రాశాను. విలువ మాత్రం పెంచలేదు. ముప్పై పైగా పూతలున్న సైకిలుకి సంతలో పెద్ద ధర రాదు, అది నిజం. దాన్ని సొంతదారుడి ఇంటికి చేర్చింది కూడా ఆ పూతలే.

ఆ డిసెంబరులో పేతురు సైకిలు తొక్కుకుంటూ మా వర్క్‌షాపుకి వచ్చాడు. కానుకల సంచి మళ్లీ తన చేతికే వచ్చిందని చెప్పాడు. సైకిలంతా కొత్త ఆకుపచ్చ రంగు. సీటు గొట్టం మీద నేను రుద్దిన చోట మాత్రం రంగు లేదు, పైన వార్నిషు పూసి ఉంది. అదేమిటని అడిగాను.

“అది రసీదు బాబూ. దాని మీద మరి ఏ రంగూ ఎయ్యను,” అన్నాడు.

రిటైరయ్యాక కూడా పాత యంత్రాలకి విలువ కట్టమని నన్ను పిలుస్తుంటారు. కొలత తేడాగా వస్తే “ప్రామాణికం కాదు” అని రాసే ముందు, ఆ వస్తువుని ఇన్నాళ్లూ వాడినవాళ్లని పిలిచి అడుగుతాను. ఫారంలో ఆ జవాబుకి గడి లేదు. మార్జినులో రాస్తాను.