రెండు వందల ద్రాక్షపళ్ళు

2022 వినాయక చవితి నాడు శాన్ రామన్‌లో, లక్ష్మీపతిగారింట్లో, నేను ఒక ప్రయోగశాల నమూనాను విఘ్నేశ్వరుడికి నైవేద్యం పెట్టి, ఆపైన పద్నాలుగు మందికి ప్రసాదంగా పంచాను. మంత్రంలో మాత్రం లోపమేమీ లేదు.

నేను పురోహితుణ్ణి కాను. డేటాబేస్‌లు చూసుకునేవాణ్ణి. గొంతు కాస్త గంభీరంగా ఉంటుందనీ, ఫోన్‌లో పూజావిధానం పీడీఎఫ్ ఉందనీ మా నాలుగైదు కుటుంబాలవాళ్ళు పండగలకి నన్ను పీట మీద కూర్చోబెడతారు. ఆ రోజుకని తెచ్చిన అరటిపళ్ళు మగ్గి నల్లబడ్డాయి. ఫ్రిజ్ తెరిస్తే జిప్‌లాక్ సంచిలో నల్లద్రాక్ష, ఒక్కొక్కటీ గుత్తి నుంచి ఒలిచి ఉంది. ఆ ఇల్లాలి ఓపికకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. సంచి మీద ఏదో నంబరూ, తేదీ రాసి ఉన్నాయి. ఆవాళ్టి తేదీయే, గడువు అదేనేమో, ఇంక ఆలస్యం చేయకూడదనుకుని పళ్ళెంలో పోశాను.

ఆ ఇల్లాలి పేరు పద్మజ. ఉస్మానియాలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసింది. డిపెండెంట్ వీసా మీద ఏడేళ్ళు ఇంట్లో కూర్చుని, వర్క్ పర్మిట్ వచ్చాక లివర్‌మోర్‌లో ఒక చిన్న వైన్ తోటలో ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరింది. వైన్ చుక్క నోట పెట్టిన మనిషి కాదు. ఆమె పరీక్షించేది రసాన్నే. అయినా లక్ష్మీపతి మాత్రం హైదరాబాద్‌లో అత్తగారివాళ్ళకి జ్యూస్ కంపెనీ అనే చెప్పుకున్నాడు.

అంతకుముందొకసారి ఆమెతో నేను వాదం పెట్టుకున్నాను. ఎప్పుడూ మబ్బుపట్టి ఉండే బాతెల్‌లో మా బావమరిది పెరటి గోంగూరకి ఎండ తగలక పులుపే రాదని ఏడుస్తాడు, ద్రాక్షా అంతే కదా అన్నాను. ద్రాక్ష దారి వేరంది. ఆకుకి ఎండ తగిలితే పండులో చక్కెర చేరుతుందట. వేడి మితిమీరితే పండు తనలోని పులుపునే వంటచెరకులా కాల్చుకుంటుందట. రాత్రి చల్లబడితే ఆ ఖర్చు తగ్గుతుంది; సాయంత్రం సముద్రం వైపు నుంచి, బే మీంచి వచ్చే గాలికి అందుకే అంత విలువ. తొక్కలో నలుపు పుట్టడానికి వెలుగు కావాలి, కానీ తొక్క కాలితే ఆ నలుపే విరిగిపోతుంది. అందుకని పొద్దుటెండ పడే వైపు ఆకులు తీసేసి, పడమటి వైపు గొడుగులా ఉంచేస్తారు.

“చక్కెర ఎక్కుతుంటుంది, పులుపు దిగుతుంటుంది. రెండూ ఎదురుపడే రోజు పట్టుకోవడమే నా ఉద్యోగం అన్నయ్యగారూ,” అంది.

ఆ చవితి వారంలోనే విపరీతమైన వేడి రాబోతోందని, రాత్రుళ్ళు కూడా చల్లబడవని హెచ్చరికలు మొదలయ్యాయి. తోట యజమాని డెన్నిస్‌కి నలభై ఏళ్ళ నాటి తీగలున్న ఒక చిన్న మడి ఉంది. కాపు తగ్గింది, ఈ ఏడు వైన్ బాగుంటే ఉంచుతాను, లేకపోతే పెరికేస్తాను అన్నాడు. వేడి రాకముందే కోసేయాలని పద్మజ పట్టు. ఉద్యోగంలో చేరాక ఆమె గట్టిగా చెప్పిన మొదటి మాట అదే. డెన్నిస్ మాటలు నమ్మడు, నంబర్లు నమ్ముతాడు. చవితి సాయంత్రం అయిదులోగా చక్కెర, పులుపుల నంబర్ పంపితే తెల్లారి కోతకి మనుషుల్ని పిలుస్తానన్నాడు.

ఆమె తెల్లవారకముందే వెళ్ళి, గుత్తికొకటి చొప్పున, ఎండవైపువీ నీడవైపువీ కలిపి రెండు వందల పళ్ళు కోసింది. పూజ కాగానే ల్యాబ్‌కి పోవచ్చని ఫ్రిజ్‌లో పెట్టింది. తర్వాతి కథ మీకు తెలుసు.

ఖాళీ సంచి ఆమె కంటబడింది. హాల్లోకి వచ్చి, ఒక్కొక్కరినీ పుల్లగా ఉన్నాయా తియ్యగా ఉన్నాయా అని అడగడం మొదలెట్టింది. మర్యాదకొద్దీ అందరమూ బ్రహ్మాండంగా ఉన్నాయన్నాం. వచ్చినవాళ్ళ పిల్ల, ఏడేళ్ళ ఇషా ఒక్కతే గింజలు అరచేతిలోకి ఉమ్మి నిజం చెప్పింది.

“కొంచెం సోర్, ఆంటీ. బట్ గుడ్.”

“నేను చెప్పిందీ అదేనమ్మా,” అంది పద్మజ. ఇషా మాటని రిపోర్టులో రాయలేం కదా. పట్టుచీరలోనే కారెక్కింది. మళ్ళీ కోసి, పిండి, లెక్క తేల్చేసరికి ఆరున్నర. ఆమె చెప్పినట్టే ఉంది నంబర్. కోత మనుషులు అప్పటికే పక్క తోటకి కుదిరిపోయారు.

పొద్దుటి శాంపిల్ ఏమైందని డెన్నిస్ అడిగితే, పోగొట్టాను, తప్పు నాదే అందట. నేను వెళ్ళి నిజం చెప్తానన్నాను. వద్దంది. ఆ వద్దన్న మాట నాకెంత హాయిగా వినిపించిందో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. రెండోసారి అడగలేదు.

ఎండ నూట పది ఫారెన్‌హీట్ దాటింది. వారమంతా రాత్రి కూడా గోడలు వేడిగానే ఉన్నాయి. మనుషులు దొరికేసరికి పళ్ళు సగం ఎండిపోయాయి; చక్కెర ఆకాశంలో, పులుపు అడుగున, రంగు ఇటుకపొడిలా. ఆ వైన్‌ని సీసాల్లోకి ఎక్కించలేదు. జనవరిలో తీగల్ని వేళ్ళతో సహా పెరికి కుప్ప పోశారు. మార్చికి పద్మజ ఉద్యోగమూ పోయింది.

ఇప్పుడు ఆమె ఏదో ల్యాబ్‌లో కుళాయి నీళ్ళు పరీక్షిస్తోంది. ఎలా ఉంది పని అంటే, నీళ్ళు పండవు కదా, తొందర లేదు అంది. నేను వేరే మాట ఎత్తాను.

పెరికిన తీగల కుప్పలోంచి ఆమె ఒక కొమ్మ తెచ్చుకుని పెరట్లో నాటిందని నాకు చాలాకాలం తెలియదు. పడమటి వైపు పాత దుప్పటి నీడగా కట్టి పెంచింది. మొన్న చవితికి మొదటి కాపు, రెండే గుత్తులు. పళ్ళెం తనే తెచ్చి నా ముందు పెట్టింది. నైవేద్యమయ్యాక ఒకటి నోట్లో వేసుకున్నాను. పళ్ళు జివ్వుమన్నాయి. మూడేళ్ళుగా నోరు మూసుకున్నవాణ్ణి, ఆ క్షణాన అది కూడా మరిచిపోయి, ఏంటమ్మా, మరీ ఇంత పుల్లగానా అనేశాను.

పద్మజ పళ్ళెం కొంచెం నా వైపు జరిపింది.

“పుల్లగా ఉన్నాయంటే ఈసారి వేళకే కోశానన్నమాట, అన్నయ్యగారూ.”