నాలుగో సముద్రం

ఇబ్తిహాల్ అలెగ్జాండ్రియాలో ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైంది. అంతకుముందు కువైట్‌లో మూడేళ్లపాటు ఆమె చేసిన ఉద్యోగం సంగతి చాలామందికి తెలియదు. అరబ్బీ అక్షరాలున్న ఇంటి కంప్యూటర్ల కోసం ఒక చిన్న కంపెనీలో ముత్యాల వేట అనే ఆట రాసింది. ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దూకాలి, ముత్యంతో పైకి తేలాలి; ఒక్కో అంచెకు ఒక్కో సముద్రం. బొమ్మలు గీసినవాడు వగ్ది. యుద్ధం వచ్చి కంపెనీ మూతపడింది. ఇద్దరూ చెరో పెట్టెతో అలెగ్జాండ్రియా చేరారు.

మొన్న చలికాలంలో మేనకోడలు రద్వా ఫోన్ పట్టుకొచ్చింది.

"అత్తా, ఇది నీ ఆటే కదూ?"

ట్యునీషియాలో మందుల షాపు నడిపే ఒకాయన ఆ ఆటను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టాడట. ఈ కాలపు యంత్రాన్ని పాత కంప్యూటర్‌లా నమ్మించే ఎమ్యులేటర్ ఉంటే చాలు, నడుస్తుంది. ఆట మొదట్లో వచ్చే కీచుపాట వినగానే ఇబ్తిహాల్‌కు ఆ ఇరుకు గది, వగ్ది కాచే యాలకుల టీ, కీబోర్డు సందుల్లో ఇరుక్కున్న నువ్వులు అన్నీ గుర్తొచ్చాయి. అయితే నాలుగో సముద్రంలోకి దూకగానే తెరంతా చెత్తచెత్త అయిపోయింది. ఆయనకు దొరికిన కాపీలో ఆ భాగం పాడైపోయింది. ఆ భాగం ప్రోగ్రాం వరుసలు ఆమె పాత నోటుపుస్తకంలో భద్రంగా ఉన్నాయి.

"పంపించనా?" అని అడిగింది.

రద్వా లాయరు. "హక్కు నీది కాదత్తా, కంపెనీది. నీకు జీతం ఇచ్చారుగా."

"కంపెనీయే లేదు కదే!"

"దాని ఆస్తులు ఎవరో ఒకరు కొనే ఉంటారు. వాళ్లనడక్కుండా ఆయన పెట్టడం తప్పు. నువ్వు చెయ్యేస్తే నీదీ తప్పే."

కంపెనీ ఆస్తులు కొని ఉంటారనుకున్న వాళ్లందరికీ ఇబ్తిహాల్ మూడు నెలలు ఉత్తరాలు రాసింది. ఒకే ఒక్క జవాబు వచ్చింది: మా జాబితాలో అలాంటి ఆట లేదు.

వగ్దికి ఫోన్ చేస్తే ఆయన మండిపడ్డాడు. "అది దొంగతనం తల్లీ! నా చేపల్ని అడక్కుండా ఎత్తుకుపోతాడా?"

"ముందు వచ్చి చూడవయ్యా, తర్వాత తిడుదువు."

శుక్రవారం నమాజు కాగానే వచ్చాడు. తెర మీద చేపలు ఈదుతుంటే దగ్గరికి వంగి ఒక్కోదాన్నీ చూశాడు.

"ఆ హమూర్ చేప కన్ను వంకరగా ఉంది. అప్పుడే సరిచేస్తానంటే మేనేజరు చెయ్యనిచ్చాడా?"

"ఇప్పుడు చెయ్యనా?"

"వద్దు. అలాగే ఉండనీ." తెరంతా వెతికి, "మన పేర్లు కూడా లేవేంటి ఇందులో?" అన్నాడు.

"అప్పుడూ వెయ్యలేదు కదా."

మర్నాడు ఆమె వరుసలన్నీ టైపు చేసి ట్యునీషియాకు పంపింది. మూడు షరతులు పెట్టింది: అమ్మకూడదు, ఇద్దరి పేర్లూ వెయ్యాలి, హక్కుదారు ఎప్పుడొచ్చి అడిగినా తీసెయ్యాలి. తను చేసింది చట్టం ఒప్పుకోదని ఆమెకు తెలుసు. రద్వాకు దాచకుండా చెప్పింది కూడా. రద్వా తల పట్టుకుంది.

హక్కుదారు ఇంతవరకూ రాలేదు. వగ్ది ఇప్పటికీ దాన్ని దొంగతనమే అంటాడు, అంటూనే శుక్రవారం శుక్రవారం వస్తాడు. బాగుపడిన నాలుగో సముద్రంలో ఇద్దరికీ ఊపిరి చాలడం లేదు.

"ఇంత కష్టంగా ఎందుకు రాశావమ్మా?"

"ఇరవై నాలుగేళ్ల వయసులో రాశానయ్యా," అని ఇబ్తిహాల్ మళ్లీ దూకుతుంది.