కోదాడ ప్రింటు, నందిగామ ప్రింటు

మా మేనకోడలు సినిమాలో వేసిందని తెలిసిన రోజు మా బావ కొట్లో అందరికీ స్వీట్లు పంచాడు. ట్రైలర్ వచ్చిన రోజు అదే కొట్టు షట్టర్ సగం దించుకుని లోపల కూర్చున్నాడు. ఈ రెండు రోజులకీ మధ్య పట్టుమని నెల కూడా లేదు.

మా అక్కా బావా ఉండేది జగ్గయ్యపేటలో. బావది పప్పుల హోల్‌సేల్ వ్యాపారం, వాళ్ళ నాన్నగారు పెట్టిన కొట్టు. నేను నందిగామలో ఎరువుల షాపు చూసుకుంటూ ఉంటాను. వాళ్ళకి ఒక్కతే కూతురు. హైదరాబాదులో చదువుకుంటూ నాటకాలు వేసేది. చదువైపోయాక కూడా అక్కడే ఉండిపోయి, ఆ ఆఫీసూ ఈ ఆఫీసూ తిరిగి, ఎలాగోలా ఒక చిన్న సినిమాలో పెద్ద వేషం సంపాదించింది.

ట్రైలర్‌లో అది కనిపించేది కాసిని క్షణాలే. మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. ఆయన కోడలు, అంటే మా పిల్ల, తలుపు గడియ పెడుతుంది. కొంగు నడుముకి దోపుకుంటుంది. "సిగ్గెందుకు మామగారూ" అంటుంది. తెర నల్లగా అయిపోయి డప్పు మోగుతుంది. మా జనానికి ఇంకేం కావాలి? మర్నాటికల్లా దానికి మామాకోడళ్ళ సినిమా అని పేరు పడిపోయింది. అసలు పేరు అప్పుడూ ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడడిగినా చెప్పలేరు.

ఏవో సంఘాల వాళ్ళు సెంటర్లో పోస్టర్లు చించారు. చించే ముందు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగారు, అది వేరే సంగతి. మనకెందుకొచ్చిన గొడవ అని మావైపు హాళ్ళ వాళ్ళు సినిమాని వాయిదా వేసుకున్నారు. అటు తెలంగాణా వైపు కోదాడలో మాత్రం మామూలుగా రిలీజైంది. గరికపాడు చెక్‌పోస్టు దాటితే కోదాడ ఎంత దూరమని? ఇటు షో పడకపోతే అటు పోవడం, అటు పడకపోతే వాళ్ళు ఇటు రావడం మా బోర్డరు జనానికి ఎప్పటినుంచో అలవాటే. ఆ శుక్రవారం జగ్గయ్యపేట నుంచి వరసగా బైకులు కదిలాయి. బస్సెక్కి నేనూ వెళ్ళాను.

వెళ్ళే ముందు పిల్ల ఫోన్ చేసింది.

"మావయ్యా, నువ్వు చూడు. కానీ అందులో ఏముందో అమ్మకి చెప్పకు. అమ్మ తనే చూడాలి. నాకు మాటివ్వు" అంది.

"నాన్నకి?"

"నాన్న ఎలాగూ చూడరుగా. అమ్మ చూస్తే చాలు నాకు."

చిన్నపిల్ల ముచ్చట అనుకుని మాటిచ్చేశాను.

హాలు కిటకిటలాడుతోంది. ఆ సీను వచ్చింది. గడియ పెట్టగానే ఈలలే ఈలలు. ఆ తర్వాత జరిగేది ఏమిటంటే, ఆ కోడలు మంచాన పడ్డ మామగారికి స్నానం చేయిస్తుంది. కొడుకు అసహ్యం అని పక్కకి తప్పుకున్నాడు, పనిమనిషి మానేసింది, ముసలాయన సిగ్గుతో రెండ్రోజులుగా నీళ్ళు పోయనివ్వడం లేదు. ఈ పిల్ల మొహం గోడ వైపు తిప్పుకుని, చేత్తో తడుముకుంటూ ఆయన ఒళ్ళు రుద్దుతూ, "ఈ వారం కందులు ఎలా ఉన్నాయి మామగారూ? సరుకు బాగా దిగుతోందా?" అని అడుగుతుంది. ముసలాయన ముద్దమాటలతో కందుల సంగతి చెప్పడం మొదలెడతాడు. చెబుతూ చెబుతూ ఒంటి మీద బట్టలేని సంగతి మర్చిపోతాడు.

ఆ కోడలు మా అక్క. బావ వాళ్ళ నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు బావ ఆ గది గుమ్మం తొక్కేవాడు కాదు, వాసనకి కళ్ళు తిరుగుతాయనేవాడు. అన్నీ మా అక్కే చేసింది, ఒకటి రెండుసార్లు నేనూ సాయం పట్టాను. అచ్చం అలాగే గోడ వైపు తిరిగి, అచ్చం అలాగే కందులూ మినుములూ అడుగుతూ. ఆయన ఆ కాసేపూ గల్లా దగ్గర కూర్చున్న షావుకారు అయిపోయేవాడు. పిల్లని దగ్గరకి రానిచ్చేది కాదు. అది బయట వసారాలో ఆడుకుంటూ వినేదన్నమాట. కొంగు దోపుకోవడం దగ్గర్నుంచి చెంబు పట్టుకోవడం దాకా ఎక్కడా పొల్లుపోకుండా తల్లిని తెర మీదికి తెచ్చింది.

నా చుట్టూ ఉన్నవాళ్ళకి ఇదేం పట్టలేదు. ఈలలు ఆగిపోయాయి. అందరూ ఇంకా దేనికోసమో చూస్తున్నారు. సీను అయిపోగానే వెనక నుంచి ఒకడు "అసలుది లేపేసార్రా" అని అరిచాడు. హాలంతా ఔనంటే ఔనంది.

తిరుగు ప్రయాణంలో గరికపాడు దగ్గర టీ తాగుతుంటే అదే చర్చ.

"ఇది తెలంగాణా ప్రింటండి. ఇక్కడ కత్తిరించి వేస్తున్నారు. మనవైపు ఫుల్లుగా వస్తది" అన్నాడు జగ్గయ్యపేట ఆయన ఒకడు.

"దేశం మొత్తానికీ సెన్సారు ఒక్కటేనండీ. అటోటీ ఇటోటీ ఉండవు" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మీకు తెలీదులెండి" అన్నాడు. మిగతావాళ్ళు కూడా నాకు తెలియదనే తీర్మానించారు. చెక్‌పోస్టు దగ్గర లారీలని ఆపినట్టు సీన్లని కూడా ఆపి దింపేసుకుంటారని వాళ్ళ లెక్క. నాకు ఒళ్ళు మండింది. కళ్ళ ముందు చూసింది అబద్ధమట, చూడబోయేది నిజమట. అక్కడ లేనిదాన్ని ఇంట్లోంచే వెంటబెట్టుకొచ్చారు, అది కనిపించకపోతే ఎవరో దాచేశారంటారు. వీళ్ళకి ఏమని చెప్పను?

గొడవ సద్దుమణిగాక నందిగామలో సినిమా వేశారు. ఆంధ్రా ప్రింటు వచ్చిందని కోదాడలో చూసినవాళ్ళే మళ్ళీ వచ్చి చూశారు. యూరియాకి వచ్చిన రైతులు కూడా నా షాపులో కూర్చుని అదే మాట. "లేదండీ, ఇక్కడా లేదు. మొదటిరోజు మార్నింగ్ షో కోదాడలో వేసేసారంట అసలుది" అని ఒకాయన నిట్టూర్చాడు. అందులో వేసింది మా మేనకోడలని వాళ్ళకి తెలియదు. నేనూ చెప్పలేదు. చెప్పి ఏం సాధిస్తాను?

ఆ రోజుల్లోనే అక్క ఫోన్ చేసింది. తమ్ముడికి ఒంట్లో బాగోలేదని బావకి చెప్పి వస్తున్నా అంది. ఇంట్లో కూతురి పేరెత్తితే బావ కంచం ముందు నుంచి లేచిపోతున్నాడట. జగ్గయ్యపేటలో అయితే అందరూ ఎరిగినవాళ్ళే, నందిగామలో అయితే ఎవరూ గుర్తుపట్టరని ఆవిడ ధైర్యం.

బస్సు దిగీ దిగగానే షరతు పెట్టింది.

"ఆ చోటు రాగానే నా చెయ్యి నొక్కు. కళ్ళు మూసుకుంటా. మిగతాదంతా చూస్తా. నా బిడ్డ బొమ్మ అంత పెద్దగా పడుతుంటే చూడకుండా ఎలా ఉండనురా?"

"అక్కా, నువ్వనుకుంటున్నది కాదే అది."

"ఏదైతేనేం, నువ్వు చెప్పకు. నా చెవిన పడనీకు."

పిల్లేమో చెప్పొద్దని మాట తీసుకుంది, తల్లేమో చెప్పనివ్వదు. సరే, నేను చెయ్యి నొక్కకుండా ఊరుకుంటే సరిపోతుంది, సీను వచ్చి వెళ్ళేదాకా ఈవిడకి తెలియదు, తనే చూసేస్తుంది అనుకున్నాను. ఈ ఉపాయం నాకు బాగా నచ్చింది కూడా.

మ్యాట్నీకి వెళ్ళాం. కూతురు కనిపించినప్పుడల్లా అక్క మొహం చూడాలి! "చీర కుచ్చిళ్ళు ఎంత బాగా పెట్టుకుందో చూడు. ఇక్కడుంటే నేనే కట్టాలి" అని నా చెవిలో గొణిగింది. ఆ కాసేపు ఊరూ లేదు, బావా లేడు. హాయిగా చూసింది.

తెర మీద పిల్ల నీళ్ళ బకెట్టు తీసుకుని గది వైపు నడిచింది. ఇంకా గడియ మీద చెయ్యి పడలేదు. అప్పుడే మొదలైంది హాల్లో గోల. ఈలలు, కేకలు, సెల్‌ఫోన్లు పైకి. చూసినవాళ్ళూ విన్నవాళ్ళూ అంతా ఇక్కడే అని కాచుకుని ఉన్నారు. నా చేత్తో పనే లేకపోయింది. అక్క కొంగు మొహం మీదికి లాక్కుని, తల మోకాళ్ళకి ఆనించి, రెండు చెవులూ మూసేసుకుంది.

"అక్కా, చూడు. ఒక్కసారి చూడవే" అని చెయ్యి లాగాను.

"సిగ్గు లేదురా నీకు!" అని విదిలించి కొట్టింది.

తెర మీద కూతురు అచ్చం తల్లి గొంతుతో కందులు ఎలా ఉన్నాయని అడుగుతోంది. ఈలలు తగ్గిపోయాయి. "ఇక్కడా కట్ చేసేసార్రా" అని విసుక్కున్నారెవరో. నేను ఆ ముసలాయన ముద్దమాటలు వింటూ, పక్కన ముడుచుకుపోయి ఉన్న అక్క వీపు చూస్తూ కూర్చున్నాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. సీను మారాక భుజం తట్టి అయిపోయిందని చెప్పాను. మొహం తుడుచుకుని మిగతా సినిమా చూసింది.

బస్టాండులో జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడి ఉండగా పిల్ల ఫోన్ వచ్చింది. ఆ రొదలో వినపడక అక్క స్పీకరు పెట్టింది.

"చూసావా అమ్మా?"

"చూసానే బంగారం. ఎంత బాగా చేసావో."

"ఆ గదిలో సీను కూడా?"

అక్క నా వంక చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, నిజం చెప్పమని. ఆవిడకి అది ఎలా అర్థమైందో.

"ఆఁ, చూసా. అన్నీ చూసా."

"అయితే ఎవరిలా చేసానో చెప్పు" అంది పిల్ల. ఆ గొంతులో నవ్వు ఆగడం లేదు.

అక్క కాసేపు తడుముకుంది. "అదే... పాత సినిమాల్లో పెద్ద హీరోయిన్లు ఉండేవాళ్ళు చూడు, అచ్చం వాళ్ళలా చేసావమ్మా" అంది.

పిల్ల నవ్వు ఆగిపోయింది.

"సరేలే అమ్మా. నన్ను పిలుస్తున్నారు. తర్వాత చేస్తా" అని పెట్టేసింది.

ఇక మాటా లేదు, ఒట్టూ లేదు. అక్కని బెంచీ మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. కండక్టర్ల కేకల మధ్య, ఎవరెవరో మా కాళ్ళు తొక్కుకుంటూ పోతుంటే చెప్పాను. ఆ సీను అలా చెప్పే సీను కాదు. నా నోట్లో అది ఎవరికో స్నానం చేయించిన కబురులా అయిపోయింది.

"కందులడిగిందా?" అంది.

"అడిగింది."

"మరి అందరూ ఈలలెందుకేసారురా?"



అక్క లేచింది. "పద, ఫస్ట్ షో ఉందిగా, మళ్ళీ చూద్దాం" అని ఆటో పిలిచింది. హాలు దగ్గర గేటు వేసి ఉంది. ఆంధ్రా ప్రింటులో కూడా ఏమీ లేదని ఊరంతా తెలిసిపోయింది, జనం రావడం లేదు, ఈ పూట నుంచి తీసేస్తున్నామని గేటు దగ్గరాయన చెప్పాడు. అక్క ఆయన్ని బతిమాలుకుంది కూడా, ఆ ఒక్క ముక్కా వెయ్యమని. ఆయన నవ్వాడు. ఆయన ఏ ముక్క అనుకున్నాడో నాకు తెలుసు. నేను తల తిప్పుకున్నాను.

"ఎప్పటికైనా ఫోన్లో వస్తుందిలే, అప్పుడు చూద్దువుగాని" అన్నాను, తిరిగి బస్టాండుకి వస్తూ.

"అప్పుడు చూసి ఏం చెయ్యనురా? అది ఇవాళ అడిగింది" అంది.

పిల్లకి మళ్ళీ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేసింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని నన్నడిగింది.

"గోడ వైపు తిరిగినప్పుడు అది ఏడ్చిందా?"

"ఏడ్చింది. చెంపల మీద ధారగా. అది డైరెక్టరు పెట్టించాడేమో అనుకున్నా. నువ్వెప్పుడూ ఏడవలేదుగా."



"తిరిగేది అందుకేరా" అంది అక్క. "మామగారికి కనపడకూడదని. మీ బావకి కూడా తెలీదు. తలుపు వేసే ఉండేది, దీనికెలా తెలిసిందిరా?"

జగ్గయ్యపేట బస్సు వచ్చి ఆగింది. ఆవిడ మెట్టు మీద నిలబడి మరోసారి ఫోన్ చేసింది. పిల్ల ఎత్తలేదు.