పూవు చెప్పిన బడి, అవ్వ చూసిన బడి

చిన్నప్పటి సంగతి ఏదైనా చెప్పమంటే మా ఇంట్లో మిగతావాళ్ళు "ఎప్పుడో ఒక రోజు" అని మొదలుపెడతారు. నాకు అది నచ్చదు. ఇది ఆడికృత్తిక పండగ మర్నాడు, గురువారం, పొద్దున ఆరున్నరకు మొదలైంది. నాకప్పుడు పదో ఏడు నడుస్తోంది. పాండూరులో మా అవ్వ, అంటే మా అమ్మ వాళ్ళమ్మ, నాకు తలస్నానం చేయించి, తడి జుట్టుతోనే దేవుడి గూటి ముందు కూర్చోబెట్టింది. పూవు అడగడానికి.

పూవు అడగడమంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు చెప్పాలి. ఇంట్లో ఏదైనా సంగతి తేలకపోతే ఒక ఎర్ర పువ్వును, ఒక తెల్ల పువ్వును అరిటాకు ముక్కల్లో వేరువేరుగా పొట్లం కట్టి మురుగన్ పటం ముందు పెడతారు. ఎరుపు వస్తే ఇట్లా, తెలుపు వస్తే అట్లా అని మనసులో అనుకుంటారు. ఇంకా పెద్దమనిషి కాని ఆడపిల్ల చేత ఒకటి తీయిస్తారు. ఆ చేతికి వచ్చిందే సామి మాట. దానికి ఎదురు మాట ఉండదు.

ఆ రోజు తేలవలసింది మా పిన్నమ్మ సంగతి. ఆమె మా అమ్మకు చెల్లెలు. స్కూలు చదువు ముగించి ఇంట్లో ఉండేది. తాతయ్య మంచం పట్టినప్పుడు ఆయన పుండ్లు కడిగి కట్టు కట్టింది ఆమే. ఆయన పోయాక, ఆసుపత్రిలో డాక్టర్లకు, నర్సులకు సాయంగా ఉండే పని నేర్చుకుంటానని పట్టుబట్టింది. మామ, అంటే ఆమె అన్న, ఇంట్లో ఉన్న ఒక్క గేదె పడ్డనూ అమ్మి చదివిస్తానన్నాడు. "ఒక్క తూరేమే. మళ్ళా అమ్మేదానికి కొట్టంలో ఏమీ లేదు, నేను తప్ప" అని కూడా చెప్పాడు.

నేర్పే చోట్లు రెండు. తిరువళ్ళూరులో ఒక సైకిలు అంగడి మేడ మీద కొత్తగా పెట్టిన శిక్షణ బడి ఒకటి. ఆరు నెలలు చదివితే సర్టిఫికెట్టు, ఉద్యోగం ఖాయం అని బోర్డు. రెండోది తిరుత్తణిలో ఒక చిన్న ఆసుపత్రి. అక్కడ రెండేళ్ళు ఉండి, వార్డులో పని చేస్తూ నేర్చుకోవాలి. మా ఊరు రెంటికీ నడుమ. రోడ్డుకు ఈ పక్క నిలబడితే ఒక బస్సు, ఆ పక్క నిలబడితే ఇంకో బస్సు. మామకు తిరువళ్ళూరే ఇష్టం. వెంగల్ నుంచి పిన్నమ్మకు ఒక మంచి సంబంధం వచ్చి ఉంది. ఆ పెళ్ళివారు ఆరు నెలలైతే ఆగుతామన్నారు, రెండేళ్ళు ఆగలేమన్నారు. పిన్నమ్మకు ఏది ఇష్టమో ఎవరూ అడగలేదు. అడిగినా ఆమె చెప్పలేకపోయేది. రెండు చోట్లనూ ఆమె చూడలేదు.

నేను తీసిన పొట్లంలో ఎర్ర గన్నేరు ఉంది. ఎరుపు అంటే తిరువళ్ళూరు.

"సరి, ముడింజిదు," అన్నాడు మామ, పని ముగిసినట్టు చేతులు దులుపుకుంటూ. "రేపే పొయ్యి చేర్పించేసి వస్తా."

"ఉండరా. ముందు నేను పొయ్యి రెండూ చూసొస్తా," అంది అవ్వ.

"చూసేదేముందిమా? సామే చెప్పేసినాడు గదా!"

"సామికి మనం రెండు బళ్ళ పేర్లు చెప్పినాం. ఆడ ఏముందో మనకే తెలీదు. తెలీకుండా అడిగితే ఆయన మాత్రం ఏం చెప్తాడు? ఏ పేరు బాగుందో చెప్పుంటాడు."

పిన్నమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామకు కోపం వచ్చింది. పూవు మీద అనుమానపడేవాళ్ళతో తాను రానని పొలానికి వెళ్ళిపోయాడు. అవ్వ పిన్నమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని బస్సెక్కింది.

తిరువళ్ళూరు బడి చూడముచ్చటగా ఉండేది. గోడల నిండా రంగురంగుల బొమ్మలు, ఒక మూల మనిషంత అస్థిపంజరం, తెల్ల కోట్లు వేసుకుని బెంచీల మీద కూర్చున్న ఆడపిల్లలు. బడి ఆయన మర్యాదస్తుడు. మాకు కుర్చీలు వేయించి, ఆరు నెలల్లో ఏమేమి నేర్పుతారో ఓపికగా చెప్పాడు. అవ్వ అంతా విన్నది. విని లేచి, రెండడుగులు వేసి, "తల తిరగతా ఉండాదే" అంటూ నేల మీదికి జారిపోయింది.

నేను కెవ్వుమనబోయాను. అంతలో అవ్వ చెయ్యి నా పాదాన్ని గిల్లింది. గట్టిగానే గిల్లింది. నోరు మూసుకున్నాను.

బడి ఆయన సోడా తెమ్మని కిందికి కేకవేశాడు. ఒక అమ్మాయి పుస్తకంతో గాలి విసిరింది. ఇంకొక అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. మిగతావాళ్ళు బెంచీల దగ్గరే నిలబడి చూశారు. ఎవరూ అవ్వను ముట్టుకోలేదు. పిన్నమ్మ మాత్రం అవ్వ తలను ఒళ్ళోకి తీసుకుని, "నాడి చూడండి అక్కా, ఎవురైనా" అని బతిమాలింది. ముందు వరసలోని అమ్మాయి బిక్కమొహం వేసి, "ఆ పాఠం మాకింకా రాలేదు. నాలుగో నెలలో వస్తాదంట" అంది.

అవ్వ సోడా పూర్తిగా తాగి లేచింది. బడి ఆయనకు దండం పెట్టి మెట్లు దిగింది. కిందికి వచ్చాక అదంతా నటన అని తెలిసి, పిన్నమ్మ కోపంతో బస్సు వచ్చేదాకా దూరంగా వెళ్ళి నిలబడింది.

తిరుత్తణి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పండగకు మురుగన్ కొండకు వచ్చిన కావళ్ళ జనం ఇంకా తగ్గలేదు. ఆసుపత్రి మేడ కాదు, పెంకులు కప్పిన పొడుగాటి ఇల్లు. గోడకు బొమ్మలు లేవు. ఫినాయిలు వాసన ముక్కులు పగలగొట్టింది. శిక్షణ సంగతి చెప్పే పెద్ద నర్సు పనిలో ఉందని వరండాలో కూర్చోమన్నారు. అవ్వ బల్ల మీద కూర్చున్నట్టే కూర్చుని పక్కకు ఒరిగిపోయింది. ఈసారి పిన్నమ్మ కదల్లేదు. పెదవులు బిగించి చూస్తూ ఉంది.

బేసిను పట్టుకుని పోతున్న ఒక శిక్షణ అమ్మాయి దాన్ని కింద పెట్టింది. పరుగెత్తలేదు, అరవలేదు. అవ్వను పడుకోబెట్టి, మడిచిన దుప్పటి కాళ్ళ కింద ఎత్తుగా పెట్టింది. మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూసింది. రెప్ప ఎత్తి చూసింది. ఎప్పుడు తిన్నదని పిన్నమ్మను అడిగింది. తరువాత అవ్వ చెవి దగ్గర వంగింది.

"అవ్వా, చెయ్యి వెచ్చగా ఉండాది. చెమట్లేదు. నీ నాడి నా నాడి కంటే బాగా కొట్టుకుంటా ఉండాది. లెయ్యి. ఎవుర్ని చూడాలని వచ్చినావు?"

అవ్వ ఒక కన్ను తెరిచింది. "నిన్నే పాపా," అంది.

ఆ అమ్మాయి నవ్వలేదు. వార్డులో నిజంగా పడిపోయినవాళ్ళు ఉన్నారని, ఇంకోసారి ఇట్లా చేయవద్దని గట్టిగా చెప్పి, బేసిను ఎత్తుకుని వెళ్ళిపోయింది. అవ్వకు ఆ తిట్టు కూడా నచ్చింది.

"ఇప్పుడు చెప్పవే. నీకేది కావాలా?" అని పిన్నమ్మను అడిగింది.

పిన్నమ్మ వార్డు గుమ్మం వైపు చూసింది. "ఇదేనమ్మా. వెంగల్ వాళ్ళు ఆగితే ఆగనీ, లేకుంటే లేదు," అంది.

పెద్ద నర్సుతో మాట్లాడి పేరు రాయించి బయటికి వచ్చాక నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎర్రది తీసింది నేను. సామి మాట నా చేతిలోంచి వచ్చింది, ఇప్పుడు దాన్ని దాటుతున్నాము. రేపు సంబంధం తప్పిపోయినా, పిన్నమ్మకు కీడు జరిగినా, ఆ పాప చెయ్యి మంచిది కాదంటారు. మా వైపు అట్లా అనడం నేను విని ఉన్నాను. ఒకసారి చెడ్డపేరు పడిన చేతిని పెళ్ళిళ్ళలో పసుపు దంచడానికి కూడా పిలవరు. ఇదంతా వెక్కుతూ చెప్పాను.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. కొండ కింద తలనీలాలు తీసే పందిరి వైపు నడిచింది. వరసలో కూర్చుని, ముడి విప్పి, మంగలి ముందు తల వంచింది. పిన్నమ్మ వద్దని చెయ్యి పట్టుకుంటే విదిలించింది. కత్తి పెట్టేముందు కొండ వైపు చూసి, పక్కవాళ్ళందరికీ వినపడేట్టు అంది:

"సామీ, పాప చెయ్యి నువ్వు చెప్పినట్టే చేసింది. నీ మాట దాటింది నేను. ఏమున్నా నాతో తేల్చుకో."

సాయంత్రం మేము బస్సు దిగేసరికి మామ అరవడానికి సిద్ధంగా గుమ్మంలో ఉన్నాడు. అవ్వ గుండు చూసి వెనక్కి తిరిగి కొట్టంలోకి వెళ్ళిపోయాడు. తరువాత వెంగల్ వాళ్ళు సంబంధం వద్దని కబురు పంపినప్పుడు, ఒక చుట్టపామె పూవు తీసిన చేతి గురించి ఎత్తబోయింది. అవ్వ తల మీది కొంగు తీసేసి, "తప్పు యాడుందో వెతకొద్దు. ఈడుంది, తడివి చూసుకో" అంది. ఆ తరువాత మా ఇంట్లోనే కాదు, మా వీధిలో కూడా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆ ఏడు పసుపు దంచడానికి నన్నే ముందు పిలిచారు.

పిన్నమ్మ రెండేళ్ళూ నేర్చుకుని, తల నెరిసేదాకా ఆసుపత్రుల్లోనే పని చేసింది. పెళ్ళి ఆలస్యంగా, తనకు నచ్చినవాడితో జరిగింది. తిరువళ్ళూరు బడి ఏమైందో నాకు తెలియదు. చూడనిది చెప్పను.

ఈ మధ్య మా మనవరాలు అదే పని నేర్చుకుంటానని ఫోనులో బళ్ళ బొమ్మలు చూపించింది. ఎందులో చేరమంటావని అడిగింది. నేను చెప్పలేదు. రెండు చోట్లకు వెంట వెళ్ళి వరండాలో కూర్చున్నాను. పడిపోయినట్టు నటించలేదు. ఈ వయసులో నటిస్తే నిజంగానే మంచం ఇస్తారు. నేర్చుకునే పిల్లల చేతులు ఏం చేస్తున్నాయో చూడమని మాత్రం చెప్పాను. ఏది ఎంచుకున్నా, అది తప్పైతే ఆ మాట నా మీద వేసుకుంటానని కూడా చెప్పాను. ఒకరి చేత ఎంపిక చేయించి, దాని బరువు ఆ చేతి మీదే వదిలేయకూడదని ఆ గురువారం నుంచి నాకు తెలుసు.

ఆ రోజు మూలంగా మా ఇల్లు పోగొట్టుకున్నవి ఇవి. వెంగల్ సంబంధం. అవ్వతో మామ దీపావళిదాకా మాట్లాడని మాటలు. నడుము దాటిన అవ్వ జుట్టు. అది మళ్ళీ భుజాలదాకానే పెరిగింది.