ఆమె కోసం వెళ్ళిన కారు

నాకు కోపం ఎక్కువ. పెళ్ళిళ్ళు చేయించే వృత్తిలో అది పనికిరాదని తెలుసు, తెలిసినా పోదు. మాఘమాసం వచ్చిందంటే కాకినాడలో కల్యాణ మండపాలన్నీ నిండిపోతాయి, ఫోను చెవికి అంటుకుపోతుంది, సాయంత్రానికి పూలవాడి దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా అందరూ నా చేత తిట్లు తినే ఉంటారు. చివరికి మా ఆయన పోరు పడలేక, నా గొంతుతో మాట్లాడే అసిస్టెంట్‌ని ఒకదాన్ని పెట్టుకున్నాను.

మనిషి కాదు, ఫోనులో ఉండే యంత్రం. కొన్నాళ్ళు నా మాటలు విని అచ్చం నాలాగే మాట్లాడడం నేర్చుకుంది. వచ్చిన వాయిస్ మెసేజీలు వింటుంది, బదులు చెబుతుంది, కార్లు పురమాయిస్తుంది. తేడా ఒక్కటే, దానికి కోపం రాదు. నా గొంతు అంత తియ్యగా "అలాగేనండి" అనడం మొదటిసారి విన్నప్పుడు, మా అమ్మ కోరుకున్న కూతురు ఎక్కడో పెరిగి ఇప్పుడు ఇంటికొచ్చినట్టు అనిపించింది.

మొదట్లో హాయిగానే ఉండేది. ఒకరోజు పూల మార్కెట్లో కొట్టతను స్టూలు వేసి, మోకాలి నొప్పి ఎలా ఉందని ఆప్యాయంగా అడిగాడు. నొప్పి నిజమే. కానీ ఆ సంగతి నేను ఇంట్లో కూడా చెప్పలేదు, డాక్టరు కోసం ఫోనులో వెతికానంతే. నిన్న నేనే చెప్పానన్నాడతను. ఆ రోజంతా నాకు నా మీదే అనుమానంగా ఉంది.

ఆ సీజన్లోనే సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఒక పడవ యజమాని కూతురి పెళ్ళి ఒప్పుకున్నాను. ఆయనకు టైపు చెయ్యడం రాదు, అన్నీ వాయిస్ మెసేజీలే. అవి అసిస్టెంటే వింది, నేను వినలేదు. విని ఉంటే మొదటి మాటకే అర్థమయ్యేది. "మా ఆవిడకి ఆకుపచ్చ చీరండి. వేరే రంగు కట్టదు. ముందు ఆవిడొచ్చి కూర్చోవాలి, ఆ తర్వాతే పిల్లకి నీళ్ళు పొయ్యాలి. అది తప్పితే మాకు మంచిది కాదండి."

మా వైపు శుభకార్యానికి ముందు పోయినవాళ్ళకు కొత్త బట్టలు పెడతారు. వాళ్ళ గురించి చెప్పేటప్పుడు పోయారని ఎవరూ అనరు, ఉన్నట్టే మాట్లాడతారు. పెట్టకపోతే అలుగుతారని భయం. ఇక్కడ పుట్టిన ఎవరికైనా తెలిసే సంగతే ఇది. నా గొంతుకు తెలియదు.

అది ఆమెను పెళ్ళికి వచ్చే చుట్టాల జాబితాలో కలిపేసింది. పైగా, ఒక పెళ్ళిలో ఓ ముసలావిడను ఊళ్ళోనే మరిచిపోయి వచ్చిన దగ్గర్నుంచి నేను దానికి గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. పెద్దవాళ్ళకు కారు పంపాలి, ఎక్కేదాకా ఫోను చేస్తూనే ఉండాలి. ఆవిడ నంబరు ఇమ్మని అది అడిగితే, అడిగింది నేనేననుకుని ఆయన ఇచ్చాడు.

పెళ్ళిరోజు పొద్దున పెళ్ళికూతురి గదిలోకి వెళ్ళాను. కుర్చీలో దండ వేసిన ఫోటో, దాని ముందు మడత విప్పని ఆకుపచ్చ చీర. నీళ్ళు పోయడానికి ఆడవాళ్ళు బిందెలు నింపుకుంటున్నారు. ఆ ఫోటో ఎవరిదని అడిగాను. పిల్ల తల్లిదట, పిల్ల ఇంటర్ చదివేటప్పుడే పోయిందట. అప్పుడే నా ఫోను వెలిగింది. పెళ్ళికూతురి తల్లిగారు కారెక్కారు, దారిలో ఉన్నారు, అని ఉంది.

వరండాలోకి వచ్చి, అది ఆవిడకు చేసిన కాల్ రికార్డింగు పెట్టుకుని విన్నాను. ముందు నా గొంతు, ఎంతో మర్యాదగా, "అమ్మా, కారు వచ్చిందండి. బయలుదేరారా?" అంది. తర్వాత ఒక ఆడగొంతు, చాలా నెమ్మదిగా.

"బయలుదేరుతున్నానండి. పిల్లకి నీళ్ళు పోసేశారా?"

"లేదండి, మీ కోసమే ఆగాం," అంది నా గొంతు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అయినా దాన్ని ఇంకోసారి వినే ధైర్యం చాలలేదు. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. పోయిన మనిషికి కారు పంపానని తెలిస్తే ఆ తండ్రి ఏమనుకుంటాడు? పెళ్ళివేళ ఇదేం అపశకునమని మగపెళ్ళివారు లేచిపోతే ఆ పిల్ల గతేంటి?

డ్రైవరుకు ఫోను చేశాను. ఇల్లు తాళం వేసి ఉందట. ఆవిడ ఎక్కేశారు, బయలుదేరమని ఫోనులో నేనే చెప్పానట. వెనక సీట్లో ఎవరున్నారని అడిగాను.

"అద్దంలో చూడలేదండి," అన్నాడు.

మండపం మెట్ల మీద నిలబడ్డాను. మగపెళ్ళివారు ఇంకా టిఫిన్ల దగ్గరే ఉన్నారు. తండ్రి మాత్రం ఎందుకో బయటికొచ్చాడు. కారు గేటు దగ్గర మలుపు తిరుగుతుంటే ఇక దాచలేక ఉన్నదంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిట్టినా పడేదాన్ని. ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. కారు ఆగాక వెళ్ళి వెనక తలుపు తెరిచి, పక్కకు జరిగి, ఒక మనిషి కుచ్చిళ్ళు సర్దుకుని దిగడానికి పట్టేంత సేపు అలాగే నిలబడ్డాడు. సీటు ఖాళీగా ఉంది. డ్రైవరు స్టీరింగు వదల్లేదు.

"రా. పిల్ల ఎదురుచూస్తంది," అన్నాడాయన, ఆ సీటు వైపు చూసి.

తర్వాత మెల్లగా లోపలికి నడిచాడు, పక్కన చోటు వదిలి. వెనక వెళ్తున్న నేనూ ఆ చోటులో అడుగు పెట్టలేదు.

నీళ్ళు పోయడం అయ్యాక పెళ్ళికూతురు నన్ను దగ్గరికి పిలిచింది. ఒళ్ళో పాత ఫోను ఉంది, వాళ్ళమ్మది. నంబరు పోకుండా నాన్న రీచార్జి చేయిస్తుంటే, తను ఛార్జింగ్ పెట్టుకుంటూ దాచుకుందట.

"మాట్లాడింది నేనేనండి. ఎక్కానన్నదీ నేనే. అమ్మ పోయాక ఆ నంబరుకి ఎవరూ చెయ్యలేదు. మీరు అంత ప్రేమగా బయలుదేరారా అని అడిగితే, లేదనడానికి నోరు రాలేదు."

అడిగింది నేను కాదని చెప్పడానికి నాకూ నోరు రాలేదు.

అనుకున్న ముహూర్తానికే మూడు ముళ్ళూ పడ్డాయి. అప్పగింతలు అవుతుండగా నా ఫోను మళ్ళీ వెలిగింది. పెళ్ళికూతురి తల్లిగారి తిరుగు ప్రయాణానికి కారు ఎక్కడికి పంపాలని అడుగుతోంది. ఒళ్ళు మండి చెరిపేయబోయాను. ఏడుస్తున్న పిల్ల అప్పటికే అది చదివేసింది. కళ్ళు తుడుచుకుని నా చెవి దగ్గరకు వచ్చింది.

"నాన్నతో పంపండి. ఇంట్లో ఒక్కడే ఉంటాడు."

అదే టైపు చేశాను. అలాగేనండి, అంది నా గొంతు. ఊరికి బయలుదేరేటప్పుడు ఆయన వెనక సీట్లో ఒక పక్కకు ఒదిగి కూర్చున్నాడు. రెండోవైపు తలుపు నేనే తెరిచి, కాసేపు ఆగి, మూశాను.